ఇంట్లో చేసిన స్నానపు ఉప్పు గడ్డకట్టినా, బాత్ బాంబు పొంగకపోయినా ఏం చేయాలి?

స్నానపు ఉప్పులు, నీటిలో వేస్తే పొంగే ఉండలు (బాత్ బాంబులు) ఇంట్లో చేసుకునేవారికి ఎదురయ్యే ఇబ్బందులు చూడటానికి రకరకాలుగా ఉంటాయి. సీసాలో పోసిన ఉప్పు వారం తిరగకుండానే గడ్డకడుతుంది. అచ్చులో చక్కగా కుదిరిన ఉండ తెల్లవారేసరికి ఉబ్బి పగులుతుంది. బుస్సుమని పొంగాల్సిన పొడి నాలుగు బుడగలు వదిలి ఊరుకుంటుంది. కారణాలు వెతుక్కుంటూ పోతే ఇవన్నీ దాదాపు ఒకే చోటికి చేరతాయి: టబ్బులో కలవాల్సిన నీరు అంతకు ముందే ఏదో దారిన వచ్చి చేరింది. అందుకే కొలతలు మార్చేముందు, సరుకు పారబోసేముందు, ఆ నీరు ఎక్కడి నుంచి వచ్చిందో వెతకండి. లోపం కనిపించే తీరులోనే ఆ దారి కూడా కనిపిస్తుంది.

మన ఇళ్లలో స్నానానికి పెద్ద టబ్బులు తక్కువ కాబట్టి ఇక్కడి కొలతలు కాళ్లు నానబెట్టుకునే ప్లాస్టిక్ టబ్బుకు సరిపోయేలా ఇస్తున్నాను. విదేశాల్లో ఉంటూ పెద్ద టబ్బులో స్నానం చేసేవారు నీటిని బట్టి పెంచుకోవచ్చు. తయారీలో, నిల్వలో జాగ్రత్తలు మాత్రం ఎక్కడైనా ఇవే.

పొంగు ఎలా పుడుతుంది

వంట సోడా, నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) రెండూ పొడిగా ఉన్నంతసేపు పక్కపక్కనే ఉన్నా పెద్దగా ఏమీ జరగదు. నీరు తగలగానే రెండూ కరిగి ఒకదానితో ఒకటి చర్య జరుపుతాయి. కార్బన్ డయాక్సైడ్ బుడగలుగా పైకి వస్తుంది, సోడియం సిట్రేట్ అనే లవణం నీటిలో మిగులుతుంది. కడుపు ఉబ్బరానికి తాగే ఈనో పొంగేదీ ఈ రెండింటి చర్యతోనే. బాత్ బాంబును 1989లో ఇంగ్లండ్‌లో మో కాన్‌స్టంటైన్ తయారుచేశారు. ఆమె తర్వాత లష్ అనే సౌందర్య సాధనాల సంస్థ స్థాపకుల్లో ఒకరయ్యారు. ఆ ఆలోచన ఆమెకు నీటిలో పొంగే ఆల్కా సెల్ట్‌జర్ మాత్రను చూసి వచ్చింది.

ఇక్కడ ఒక సంగతి బాగా గుర్తుపెట్టుకోవాలి. ఈ చర్యలో నీరు కూడా పుడుతుంది. అంటే పిండిలో పడిన ఒక్క బొట్టు అక్కడితో ఆగదు. అది మొదలుపెట్టిన చర్య కొత్త నీటిని ఇస్తుంది, ఆ నీరు పక్కనున్న పొడిని కదిలిస్తుంది. రాత్రి చిన్న తడి మచ్చగా కనిపించిన చోట ఉదయానికి ఉండంతా ఉబ్బిపోవడానికి కారణం ఇదే. 10 గ్రాముల వంట సోడా పూర్తిగా చర్య జరిపితే దాదాపు 3 లీటర్ల వాయువు వస్తుంది. అది ఉండ లోపల పుడితే ఉండ పగులుతుంది, బిగించిన గాజు సీసాలో పుడితే మూత ఎగిరిపోతుంది, సీసాయే పగలవచ్చు కూడా.

ఈ చర్య వేడిని లాక్కుంటుంది కనుక పిండి చల్లబడుతుంది. కలిపేటప్పుడు గిన్నె అడుగు చేతికి చల్లగా తగిలితే, కంటికి బుడగలు కనిపించకపోయినా, లోపల పని మొదలైందని అర్థం. అప్పుడే ఆపండి.

సరుకు దగ్గరే సగం తప్పులు

కిరాణా దుకాణంలో 'సోడా' అని అడిగితే మూడు రకాలు చేతికి రావచ్చు. మనకు కావలసింది వంట సోడా, అంటే తినే సోడా. బేకింగ్ పౌడర్‌లో సోడాతో పాటు ఆమ్లం, పిండి ముందే కలిసి ఉంటాయి కాబట్టి దానితో చేసిన ఉండ నీరసంగా పొంగుతుంది. చాకలి సోడా మాత్రం దగ్గరికి కూడా రానివ్వకండి. దాని క్షారత చర్మాన్ని మండిస్తుంది. ఆమ్లం తగిలితే అదీ పొంగుతుంది కాబట్టి నిమ్మరసం పరీక్షతో తేడా తెలియదు. విడిగా కట్టిన పొట్లం కాకుండా పేరు రాసి ఉన్న ప్యాకెట్ కొనడమే మంచిది.

నిమ్మ ఉప్పు రెండు రకాలుగా దొరుకుతుంది. ఒకదానిలో నీరు ఉండదు. రెండోదానిలో ప్రతి స్ఫటికంలోనూ నీరు ఇమిడి ఉంటుంది, బరువులో సుమారు 8.6 శాతం. చేతికి పొడిగా తగిలినా ఆ నీరు అందులో ఉన్నట్టే. ప్యాకెట్ మీద 'అన్‌హైడ్రస్' అని ఉన్నది తీసుకోండి. పలుకులు లావుగా ఉంటే పూర్తిగా ఆరిన మిక్సీ జారులో ఒక్కసారి తిప్పండి. మూత వెంటనే తీయకండి, ఆ ధూళి ముక్కునూ కళ్లనూ మండిస్తుంది. ముక్కుకు గుడ్డ కట్టుకోండి.

ఇక ఉప్పు. కల్లుప్పు వానకాలంలో ఎందుకు నీరు కారుతుందో ఎప్పుడైనా ఆలోచించారా? శుద్ధమైన ఉప్పు గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితేనే నీటిని పీల్చి కరగడం మొదలుపెడుతుంది. శుద్ధి చేయని సముద్రపు ఉప్పులో కొద్దిగా మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది. అది 33 శాతం తేమకే నెమ్ముతుంది, అంటే మన ప్రాంతంలో దాదాపు ఏడాది పొడవునా. 'మెగ్నీషియం ఫ్లేక్స్' పేరుతో అమ్మేవి అచ్చంగా ఈ పదార్థమే కనుక వాటిని పొంగే మిశ్రమంలో కలపనే కూడదు. స్నానపు ఉప్పుకు సైంధవ లవణం గానీ, శుద్ధి చేసిన ఉప్పు గానీ వాడండి. కల్లుప్పే కావాలంటే కడాయిలో సన్నని సెగ మీద చిటపటలు ఆగేదాకా వేయించి, పూర్తిగా చల్లార్చి కలపండి. అయితే అది కొద్ది రోజుల పనికే. గాలి తగిలితే మళ్లీ నెమ్ముతుంది.

ఈ వేయించడం ఉప్పుకు మాత్రమే. ఎప్సమ్ సాల్ట్‌ను (మెగ్నీషియం సల్ఫేట్) వేయిస్తే అది తనలోని నీటిలోనే కరిగిపోతుంది, ఎందుకంటే దాని బరువులో సగం, 51 శాతం, స్ఫటికాల్లో ఇమిడిన నీరే. వంట సోడాను వేడిచేస్తే మనం వద్దనుకున్న చాకలి సోడాగా మారుతుంది. నిమ్మ ఉప్పునూ పొయ్యి మీద పెట్టకండి.

చేసే పద్ధతి

500 గ్రాములకు కొలతలు ఇవి: వంట సోడా 300 గ్రాములు, నిమ్మ ఉప్పు 150 గ్రాములు, తెల్లటి కార్న్ ఫ్లోర్ 50 గ్రాములు. కప్పులతో కాదు, తూకంతో కొలవండి. నిమ్మ ఉప్పు పలుకులు ఎంత లావుగా ఉన్నాయన్నదాన్ని బట్టి కప్పులో పట్టే బరువు మారుతుంది. కప్పులతో కొలిస్తే ఏ రెండు సార్లూ ఒకేలా రావు.

మొదట మూడు పొడులనూ విడివిడిగా జల్లించండి. జల్లించడం బద్ధకించినవారికి తర్వాత ఉండ మీద బొబ్బలు కనిపిస్తాయి. సోడా, కార్న్ ఫ్లోర్, రంగు పొడి ముందు కలపండి. నూనె ఒక పెద్ద చెంచా చాలు, అందులో సువాసన నూనె కలిపి సోడాలో బాగా రుద్దండి. నిమ్మ ఉప్పును చివరన చేర్చండి. అప్పటికి నూనె సోడా రేణువుల చుట్టూ పట్టి ఉంటుంది కాబట్టి చర్య తొందరపడదు.

ముద్ద కట్టడానికి తడి కావాలి. దానికి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను సన్నగా చల్లే సీసాలో పోసి వాడటం నాకు అన్నిటికన్నా నచ్చిన పద్ధతి. అది చర్య మొదలుపెట్టదు, త్వరగా ఆవిరైపోతుంది. చేతులకు రాసుకునే శానిటైజర్ దానికి బదులు కాదు, అందులో నీరూ జిగురూ ఉంటాయి. ఆల్కహాల్ వాడే గదిలో పొయ్యి, అగరువత్తి, దీపం ఏవీ వెలగకూడదు. కిటికీ తెరిచి ఉంచండి. ఆల్కహాల్ దొరకకపోతే నీటినే వాడొచ్చు గానీ, ఒక చల్లు చల్లి, చేత్తో వేగంగా కలిపి, పదును చూసి, ఆ తర్వాతే రెండో చల్లు.

పదును ఎలా తెలుస్తుందంటే, సున్నుండలు చుట్టిన చేతికి కొత్తగా చెప్పాల్సింది లేదు. పిడికిట్లో బిగించి వదిలితే ముద్ద నిలవాలి, వేలితో పొడిస్తే పొడిగా విరగాలి. చేతికి తడి అంటుకుంటే మించిపోయింది.

అచ్చులోకి వదులుగా నింపి, పైన ఒక్కసారి మాత్రం గట్టిగా నొక్కండి. పొరలు పొరలుగా నొక్కితే ఆ పొరల దగ్గరే విరుగుతుంది. సిలికాన్ అచ్చులు, ప్లాస్టిక్ గుండ్రటి అచ్చులు, స్టీలు ఇడ్లీ పళ్లెం గుంటలు, ఏవైనా పనికొస్తాయి. అల్యూమినియం పాత్రలు వద్దు, నిమ్మ ఉప్పు వాటిని తింటుంది. పావుగంట తర్వాత తీసి, మెత్తటి గుడ్డ మీద ఒక రోజంతా ఆరనివ్వండి. పూర్తిగా ఆరాకే డబ్బాలో పెట్టి మూత వేయండి.

లోపాన్ని బట్టి నీటి దారి

ఉండ రాత్రికి రాత్రి ఉబ్బింది, కింద పరచుకుంది. దీనికి రెండు కారణాలు ఉంటాయి: కలిపేటప్పుడు తడి ఎక్కువైంది, లేదా ఆరబెట్టిన గదిలో గాలి తడిగా ఉంది. రెండోదాన్ని చాలామంది పట్టించుకోరు. వానకాలంలో విశాఖ, కాకినాడ వంటి తీరప్రాంతాల్లో గాలిలో తేమ తరచూ 75 శాతం దాటుతుంది. నిమ్మ ఉప్పు కూడా దాదాపు ఆ స్థాయికే నెమ్మడం మొదలుపెడుతుంది. పైగా రెండు లవణాలు కలిసి ఉన్నప్పుడు, విడివిడిగా తట్టుకోగలిగిన తేమకంటే తక్కువకే రెండూ నీరు పీలుస్తాయి. విడిగా సీసాల్లో బాగానే ఉన్న పొడులు కలిపాక చెడటంలో వింతేమీ లేదు. హైదరాబాదులో మార్చి మధ్యాహ్నం కుదిరిన కొలత విశాఖలో ఆగస్టులో కుదరకపోతే మీ చేతిలో లోపం లేదు.

అప్పుడు చేయవలసింది ఏసీ గదిలో చేయడం. ఏసీ గాలిని చల్లబరచడంతో పాటు అందులోని నీటినీ లాగేస్తుంది. గంట ముందే వేసి, తలుపులు మూసి, ఆ గదిలోనే కలిపి, అక్కడే ఆరబెట్టండి. తేమ కొలిచే చిన్న మీటర్లు కొన్ని వందల రూపాయలకే దొరుకుతాయి. 50 శాతానికి దిగువ ఉంటే నిశ్చింతగా చేయొచ్చు. 65 దాటితే ఆ రోజు మానుకోవడమే మేలు. తడి గాలిలో ఫ్యాను వేస్తే ఆరడం మాట అటుంచి, ఆ తడే ఉండ మీదికి పదే పదే చేరుతుంది. ఫ్రిజ్‌లో పెట్టి ఆరబెట్టాలనుకోకండి. చల్లని ఉండను బయటికి తీయగానే గాలిలోని చెమ్మ దాని మీద బొట్లుగా చేరుతుంది. ఓవెన్ అసలే వద్దు.

బొబ్బలు, మొటిమలు లేచాయి. ఉండంతా బాగుండి పైన అక్కడక్కడ ఉబ్బులు ఉంటే నీరు ఒకే చోట పడిందని అర్థం. చల్లే సీసా మూతి నుంచి లావు బొట్లు పడ్డాయి, లేదా నిమ్మ ఉప్పు పలుకు ఒకటి జల్లెడ తప్పించుకుంది. నీటి రంగులు వాడినప్పుడు కూడా ఇదే జరుగుతుంది. సీసాలో వచ్చే వంటల రంగుల్లో నీరు ఉంటుంది కాబట్టి పొడి రంగులే వాడండి.

ఉండ పొడిపొడిగా రాలిపోతోంది. నీరు తక్కువైన లోపం ఇదొక్కటే, సరిచేయడమూ తేలికే. చిదిపి, ఆల్కహాల్ రెండు చల్లులు చల్లి మళ్లీ నొక్కండి. అప్పటికీ నిలవకపోతే నూనె మరో అర చెంచా వేయండి. కొబ్బరి నూనె సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. చలికాలంలో అది ఉండను బిగించి పట్టుకుంటుంది, వేసవిలో ఎప్పుడూ ద్రవంగానే ఉంటుంది కనుక ఆ బిగువు రాదు. వేసవిలో కోకో బటర్ కొంత మేలు గానీ, అది కూడా 34 నుంచి 38 డిగ్రీల మధ్య కరుగుతుంది. మే నెల విజయవాడలో దాన్నీ నమ్ముకోలేం. ఆ నెలల్లో ఉండలు చుట్టడం మాని, అదే మిశ్రమాన్ని పొడిగా డబ్బాలో ఉంచుకుని చెంచాతో వాడుకోండి. కాళ్లు నానబెట్టుకోవడానికి పొడి ఏమీ తక్కువ కాదు.

రెండు సగాలు విడిపోతున్నాయి, మధ్యలో పగులుతోంది. సగాలను అతికించేటప్పుడు అంచుల్లో తడి ఎక్కువైతే లోపల వాయువు పుట్టి తోసేస్తుంది. అంచుకు నీరు పూయకండి. రెండు సగాల్లోనూ కొద్దిగా పొడి కుప్పగా ఉంచి ఒత్తితే చాలు.

నీటిలో మునిగిపోతోంది. గట్టిగా నొక్కినా, ఉప్పు ఎక్కువ కలిపినా బరువెక్కి మునుగుతుంది. పొంగడం మాత్రం పొంగుతుంది. తేలాలనే పట్టుదల ఉంటే తక్కువగా నొక్కండి.

పొంగు నీరసంగా ఉంది. దీని మీద కొంచెం శ్రద్ధ పెట్టాలి, ఎందుకంటే కారణం తెలిస్తే సరుకు దక్కుతుంది. ఒక గ్లాసు గోరువెచ్చని నీటిలో చెంచాడు పొడి వేయండి. బుడగలన్నీ ఆగాక నాలుగు చుక్కల నిమ్మరసం పిండండి. మళ్లీ పొంగిందంటే సోడా మిగిలి ఉంది, ఆమ్లం చాలలేదు లేదా నిల్వలోనే ఖర్చయిపోయింది. నిమ్మరసానికి కదలకపోతే చిటికెడు వంట సోడా వేసి చూడండి. అప్పుడు పొంగితే ఆమ్లం మిగిలి ఉంది, సోడా తక్కువైంది. రెండింటికీ కదలకపోతే రెండూ డబ్బాలోనే ఒకదాన్నొకటి తినేశాయి. మొదటి రెండు సందర్భాల్లో పొడిని ఏసీ గదిలో పళ్లెంలో పలచగా పరచి, పూర్తిగా ఆరాక, తక్కువైనదాన్ని కలిపితే పొంగు తిరిగి వస్తుంది.

ఎంత కలపాలో లెక్క ఇదిగో. 100 గ్రాముల నిమ్మ ఉప్పు 131 గ్రాముల వంట సోడాతో సరిగ్గా సరిపోతుంది. పైన ఇచ్చిన కొలతలో 150 గ్రాముల నిమ్మ ఉప్పుకు 197 గ్రాముల సోడా చాలు, మిగతా వంద గ్రాములు అలాగే నీటిలో ఉండిపోతాయి. సోడా కావాలనే ఎక్కువ పెడతాం, మిగిలిన ఆమ్లం చర్మం మీద చురుక్కుమంటుంది కాబట్టి. నిమ్మ ఉప్పును 200 గ్రాముల దాకా పెంచితే పొంగు బాగా ఎక్కువవుతుంది, అంతే వేగంగా తేమనూ పీలుస్తుంది. పొడి గాలి ఉన్న ఊళ్లో, వారంలోపు వాడేసేటట్లయితేనే అలా చేయండి.

పొంగు తగ్గడానికి ఇంకో కారణం నూనె. 500 గ్రాములకు రెండు చెంచాలు దాటితే నూనె పొర నీటిని లోపలికి పోనివ్వదు.

గడ్డకట్టిన ఉప్పు

గడ్డకట్టిన స్నానపు ఉప్పులో పొంగే పదార్థాలు లేకపోతే గాబరా అక్కరలేదు. గుడ్డలో చుట్టి రోకలితో కొట్టి వాడుకోవచ్చు. ఎప్సమ్ సాల్ట్ పైన తెల్లటి పొడి పేరుకుంటే అది చెడలేదు, పొడి గాలిలో దానిలోని నీరు కొంత పోయింది, అంతే.

ఎప్సమ్ సాల్ట్‌ను పొంగే పొడితో కలిపి నిల్వ చేయడాన్ని మాత్రం నేను గట్టిగా వద్దంటాను. సుమారు 50 డిగ్రీల వేడికి దాని స్ఫటికాల్లోని నీరు విడిపోవడం మొదలవుతుంది. ఎండలో నిలిపిన కారులో, రేకుల గదిలో, కొరియర్ బండిలో వేసవి మధ్యాహ్నం ఆ వేడి మామూలే. బయటి నుంచి చుక్క నీరు పడకుండానే డబ్బా లోపల నీరు పుట్టి మొత్తం పొంగిపోతుంది. ఎన్నిసార్లు మూత బిగించినా ఎందుకు పాడవుతోందో తెలియక తికమకపడేవారు ముందు ఇది చూసుకోండి. ఎప్సమ్ సాల్ట్ ఒక సీసాలో, పొంగే పొడి మరో సీసాలో ఉంచి, టబ్బు దగ్గరే రెండూ వేసుకోండి.

ఉప్పు డబ్బాలో బియ్యపు గింజలు వేసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. ఇక్కడ దానివల్ల పెద్ద ప్రయోజనం లేదు. సిలికా జెల్ పొట్లాలు వేయండి. మందుల సీసాలు, కొత్త చెప్పుల పెట్టెలతో వచ్చేవి దాచుకుంటే సరిపోతాయి, పొట్లం చిరగకుండా చూసుకోండి. ఒక పెద్ద డబ్బా కంటే నాలుగు చిన్న డబ్బాలు మంచివి. మూత తెరిచిన ప్రతిసారీ తేమ లోపలికి వెళ్తుంది. స్నానాల గదిలో మాత్రం ఏ డబ్బానూ ఉంచకండి, తడి చెంచా ముంచకండి.

రంగులు, పూలు, నూనెలు

పసుపు కలిపిన ఉండ ఎర్రబడిందని భయపడేవారు ఉంటారు. దిష్టి తీసే ఎర్రనీళ్లు పసుపు, సున్నంతో ఎలా వస్తాయో ఇదీ అలాగే. క్షారం తగిలితే పసుపు ఎరుపుకు తిరుగుతుంది. వంట సోడా క్షారత సున్నం కంటే చాలా తక్కువ కాబట్టి రంగు నారింజ, ఇటుక ఎరుపు దాకా వెళ్లి ఆగుతుంది. పొడి ఉండలో అలాంటి మచ్చలు కనిపిస్తే నీరు సరిగ్గా ఎక్కడ చేరిందో కూడా అవి చూపిస్తాయి. ఇదొక్కటే పసుపుతో మేలు. టబ్బునూ మడమలనూ తువ్వాలునూ అది మరక చేస్తుంది కనుక చిటికెడు మించకండి. మందార పొడి, శంఖపుష్పం పొడి కూడా సోడా తగిలితే అనుకున్న రంగు నిలుపుకోవు. కుంకుమ, హోలీ రంగులు ఒంటి మీద నానబెట్టుకునేవి కావు.

గులాబీ రేకులు సోడాలో కలిస్తే కొన్నాళ్లకు గోధుమ రంగుకు తిరుగుతాయి. బంతి రేకులు తమ రంగును చాలావరకు నిలుపుకుంటాయి. ఏ పువ్వైనా వేళ్ల మధ్య నలిపితే గలగలమని పొడి కావాలి. వంగి ఊరుకుంటే అందులో ఇంకా నీరుంది, అది పొంగే పొడిని పాడుచేయడమే కాక బూజుకూ దారి. పూలను పలచటి గుడ్డ సంచిలో కట్టి వేస్తే తూము మూసుకుపోదు.

సువాసన నూనెల్లో ఎక్కువమంది పొరపడేది ఒక చోట. ఉప్పులో కలిపితే నూనె నీటిలో కలిసిపోతుందనుకుంటారు. కలవదు. ఉప్పు కరిగాక నూనె విడిపోయి పైన తేలుతుంది, అలాగే చర్మానికి అంటుకుని మండుతుంది. పాలిసార్బేట్ 80 అనే పదార్థాన్ని సువాసన నూనెకు కనీసం సమానంగా ముందే కలిపితే నీటిలో విడిపోకుండా ఉంటుంది. అది లేకపోతే నూనెను కొద్ది ద్రవ సబ్బులో కలిపి టబ్బులో వేయండి. 500 గ్రాములకు 2 మిల్లీలీటర్లు మించనివ్వకండి. లవంగ నూనె, దాల్చినచెక్క నూనె ఈ పనికి వద్దు. చిన్నపిల్లల టబ్బులో కర్పూరం, నీలగిరి తైలం వేయవద్దు.

వాడేటప్పుడు

5 లీటర్ల నీటికి పొంగే పొడి రెండు పెద్ద చెంచాలు, కావాలంటే ఎప్సమ్ సాల్ట్ 50 గ్రాములు. నీరు 38 నుంచి 40 డిగ్రీలు, అంటే మోచేయి ముంచితే వెచ్చగా హాయిగా ఉండాలి. 15 నిమిషాలు చాలు. తర్వాత మంచినీటితో కడిగి, వేళ్ల సందులు తుడిచి, కొబ్బరి నూనె రాయండి. సబ్బు రుద్దుకోవాలంటే ముందే రుద్దుకోండి, ఉప్పు నీటిలో నురగ సరిగా రాదు. మెగ్నీషియం చర్మం ద్వారా ఒంట్లోకి చేరుతుందన్న ప్రచారానికి గట్టి ఆధారాలు లేవు. ఆ హాయిలో ఎక్కువ భాగం వెచ్చని నీటిదే, అదేమీ చిన్న సుఖం కాదు.

మధుమేహం ఉన్నవారు మాత్రం వైద్యుణ్ని అడగకుండా కాళ్లు నానబెట్టకండి. పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటే నీరు ఎంత వేడిగా ఉందో తెలియదు, నానిన చర్మం సులువుగా పగిలి పుండు పడుతుంది. ఇంట్లో పెద్దవాళ్లకు ప్రేమతో టబ్బు సిద్ధం చేసేవారు ముందు ఈ సంగతి కనుక్కోండి. పుండ్లు, లోతైన మడమ పగుళ్లు ఉన్నవారికి కూడా ఇది సరిపడదు.

నేల సంగతి కూడా చూసుకోండి. కడప బండ, తాండూరు బండ సున్నపురాయి జాతివి, పాలరాయీ అంతే. నిమ్మ ఉప్పు పొడి తడి నేల మీద పడితే మెరుపును తినేసి తెల్లటి మచ్చ వేస్తుంది. పొడిని టబ్బులోనే వేయండి, ఒలికితే వెంటనే ఎక్కువ నీటితో కడగండి. వాడిన ఉప్పు నీటిని మొక్కలకు పోయకండి.

చప్పబడిన ఉండలను పారేయకండి. వాటిలో మిగిలేది సోడియం సిట్రేట్, కొంత సోడా. సోడియం సిట్రేట్ బోరు నీటి గరుకుదనాన్ని కొంత తగ్గిస్తుంది. పొంగకపోయినా టబ్బులో కరిగించి వాడుకోవచ్చు.

ఎవరికైనా కానుకగా ఇవ్వాలనుకుంటే ఉండను పలచటి ప్లాస్టిక్ కాగితంలో చుట్టి, కాగితపు పెట్టెలో సిలికా జెల్ పొట్లంతో పెట్టండి. పేరు, కలిపిన పదార్థాలు, చేసిన తేదీ, 'తినకూడదు' అన్న మాట పెద్ద అక్షరాల్లో రాయండి. పొడి చూడటానికి పంచదారలానే ఉంటుంది, పిల్లలకు తేడా తెలియదు. అమ్మాలనుకుంటే మాత్రం 2020 నాటి సౌందర్య సాధనాల నియమాల ప్రకారం తయారీకి లైసెన్సు కావాలి. దూరం పంపేవి ఉంటే ఏప్రిల్, మే నెలల్లో కాకుండా నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య పంపండి.